తిరుగు దారిలోనే ఊగే ట్రైలర్

మొన్న అల్ఫారెట్టా నుంచి మా స్నేహితుడి కొడుకు ఫోన్ చేశాడు. "అంకుల్, ట్రావెల్ ట్రైలర్ బుక్ చేశాం. ఏ పికప్ తీసుకోవాలో మిమ్మల్ని అడగమని డాడీ చెప్పారు" అన్నాడు. ట్రావెల్ ట్రైలర్ అంటే పికప్ ట్రక్కు వెనక తగిలించి లాక్కెళ్ళే చక్రాల ఇల్లు. ఇంజను బలం, లాగే శక్తి, ట్రక్కు రంగు అన్నీ ఇంటర్నెట్‌లో చూసి పెట్టుకున్నాడు. నేను మాత్రం "దారిలో ఎవరెవరి ఇళ్ళకి వెళ్తారు బాబూ?" అని అడిగాను. పెద్దాయనకి మతి సరిగ్గా లేదనుకుని ఉంటాడు. నా ప్రశ్నకి కారణం ఫోన్లో చెప్పబోతే అతనికి మీటింగ్ టైమైంది. అందుకని ఇక్కడ రాస్తున్నాను. ట్రక్కు కొనేవాళ్ళూ చదవొచ్చు, కొననివాళ్ళూ చదవొచ్చు.

నేను కాకినాడలో మెకానికల్ చదివి డెబ్భైల చివర అమెరికా వచ్చాను. వచ్చిన కొద్ది రోజులకే పెట్రోలు ధర మండిపోయి, నాకు ఉద్యోగం ఇచ్చిన యంత్రాల కంపెనీ సగం మందిని ఇంటికి పంపింది. ఆ సగంలో నేనూ ఉన్నాను. చివరికి ఇండియానాపొలిస్ శివార్లలో ట్రైలర్లు, వాటిని లాగే పాత పికప్పులు అమ్మే ఒక షాపులో కుదిరాను. ఏ ట్రైలర్‌కి ఏ ట్రక్కు సరిపోతుందో చూసి చెప్పడం నా పని. పార్టీల్లో మనవాళ్ళు నన్ను పరిచయం చేస్తూ "ఆటోమొబైల్ ఫీల్డ్‌లో ఉన్నాడు" అనేవారు. అనేసి వెంటనే మాట మార్చేసేవారు.

నాకు మాత్రం ఆ పని భలే నచ్చింది. వచ్చిన ప్రతి వాడూ ఇంజను ఎంత పెద్దదని అడిగేవాడు. నిజానికి ఇంజను సంగతి చివర చూసుకోవాలి. వెనక స్ప్రింగులు ఎంత గట్టివి, ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య దూరం ఎంత, ట్రైలర్ ముందు కొస ట్రక్కు మీద ఎంత బరువు మోపుతోంది, ఇవీ ముందు చూడాల్సినవి. ఆ ముందు కొసని మేం ముక్కు అనుకునేవాళ్ళం. మా యజమాని భారీ మనిషి, మాట మాత్రం పొదుపు. ఎవరు ఏం అడిగినా ముందు ఒక మూలుగు మూలిగేవాడు. అది ఔననో కాదనో తెలుసుకోవడానికి నాకు ఒక చలికాలం పట్టింది. అతను కాక షాపులో, ట్రక్కుకి ట్రైలర్‌ని తగిలించే కొక్కేలు బిగించే వెల్డర్ ఒకడు ఉండేవాడు. ఏ తేడా వచ్చినా టైర్లదే తప్పని అతని నమ్మకం.

ఎనభైల మొదట్లో ఒక శనివారం తెలుగు దంపతులు వచ్చారు. ఆయన పాస్టరు. ఆ చుట్టుపక్కల తెలుగు క్రైస్తవులంతా ఆయన్ని అయ్యగారనీ, ఆమెని అమ్మగారనీ పిలుస్తారు. నేను వాళ్ళ మతంవాణ్ణి కాకపోయినా నాకూ ఆ పిలుపే అలవాటైంది. అమ్మగారు గుంటూరు వైపు నర్సుగా చేసి, ఇక్కడి ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చి వచ్చారు. ఆమె వీసా మీద అయ్యగారు వచ్చారు. నెలకొకసారి లూయీవిల్, లెక్సింగ్టన్, సిన్సినాటి తిరిగి, అక్కడక్కడా ఉన్న నాలుగేసి కుటుంబాలకి తెలుగులో ఆరాధన జరిపించడం వాళ్ళ వ్రతం. తెలుగు పాట వినాలంటే ఆ ఊళ్ళవాళ్ళకి వేరే దిక్కు లేదు.

"మోటల్‌లో ఉండొచ్చు కదండీ, ట్రైలర్ ఎందుకు?" అని అడిగాను.

అమ్మగారు నవ్వారు. "మోటల్‌లో దిగితే అందరికీ కోపం బాబూ. ఒకళ్ళింట్లో దిగితే మిగతావాళ్ళకి కోపం. కిందటిసారి లెక్సింగ్టన్‌లో ఒకావిడ నాతో మాట్లాడ్డమే మానేసింది. మా ఇల్లు మేమే వెంట తీసుకెళ్తే ఎవరికీ బాధ ఉండదని అయ్యగారి ఐడియా."

మా యజమాని అయ్యగారికి ట్రక్కు చూపించడం మొదలుపెట్టాడు. అయ్యగారు చేతులు కట్టుకుని "సర్, షీ ఈజ్ ద డ్రైవర్" అన్నారు. ఆయనకి లైసెన్సు ఉంది కానీ, మాట్లాడేటప్పుడు అవతలి మనిషి మొహం చూసి మాట్లాడే అలవాటు. ఆ మనిషి వెనక సీట్లో ఉన్నా వెనక్కే చూస్తారు. అమ్మగారు మంచులో డ్యూటీలకి వెళ్ళి వెళ్ళి రాటుదేలారు. ఆమె ట్రక్కెక్కి, సీటు ముందుకి జరుపుకుని, అద్దాలు సరిచేసుకుని నన్ను పిలిచారు.

"ఇది ట్రైలర్‌ని లాగుతుందంటున్నారు, సరే. ట్రైలర్ దీని మాట వింటుందా?"

నేను ఆ షాపులో ఉన్నన్నాళ్ళూ అంత మంచి ప్రశ్న మరొకరు అడగలేదు. ఎంతో సంబరపడి, కావలసిన దానికన్నా ఎక్కువే చెప్పాను. పొట్టి ట్రక్కు వద్దని, వెనక సామాను పెట్టె పొడుగ్గా ఉన్న, ముప్పావు టన్ను మోసే పికప్ ఎంచాను. దాని స్ప్రింగులు గట్టివి. ట్రైలర్ చక్రాలకి విడిగా బ్రేకులు పెట్టించి, వాటిని చేత్తో నొక్కే మీట స్టీరింగ్ దగ్గర బిగించాం. ట్రైలర్‌లో వంటిల్లు వెనక కొసన, తలుపు దాని పక్కన, పడక ముందు వైపున ఉంటాయి. ఏం సామాను వేస్తారని అడిగితే ఆమె చెప్పింది ఎంతో తక్కువ. బట్టలు, పాటల పుస్తకాలు, హార్మోనియం, వంటకి రెండు గిన్నెలు. నేను ఇంకాస్త కలుపుకుని లెక్క కట్టాను. యజమాని మూలిగాడు. అది ఔననే మూలుగు. నాలుగు ఊళ్ళ కుటుంబాలు తలా కొంత వేసుకున్న చందాతో ట్రక్కు, ట్రైలర్ వాళ్ళవయ్యాయి.

మొదటిసారి తిరిగి వచ్చిన మర్నాడే ఇద్దరూ షాపుకి వచ్చారు. అమ్మగారు తాళంచెవి నా బల్ల మీద పెట్టారు. లెక్సింగ్టన్ నుంచి సిన్సినాటి వెళ్తుంటే, ఒహాయో నది వైపు దిగే పొడుగాటి వాలు మీద ట్రైలర్ ఊగడం మొదలుపెట్టిందట. అద్దంలో ఒకసారి కుడిపక్కన కనపడిందట, ఒకసారి ఎడమపక్కన. ఆ విసురుకి ట్రక్కు వెనక భాగం కూడా పక్కకి జరిగింది. యాక్సిలరేటర్ మీంచి కాలు పూర్తిగా తీసేసి, మీట నొక్కి, ఎలాగో రోడ్డు పక్కకి చేర్చారు. అక్కణ్ణుంచి ఇంటిదాకా నత్తనడకే.

"దేవుడు పెట్టిన శోధన బాబూ" అన్నారు అయ్యగారు.

"శోధనకైనా ఒక కారణం ఉంటుంది కదండీ" అన్నారు అమ్మగారు. నా వైపు తిరిగి, "ట్రక్కు మార్చమని రాలేదు బాబూ. ఎందుకు ఊగిందో చెప్పు. అది తెలిసేదాకా నేను స్టీరింగ్ ముట్టుకోను" అన్నారు.

ఆమె ముట్టుకోకపోతే ఆ తిరుగుడు ఆగిపోయినట్టే. వచ్చే నెల సిన్సినాటిలో ఇద్దరికి బాప్తిస్మం ఇవ్వాలి. ఇంకో డ్రైవరు లేరు.

యజమాని ఆమెని సూటిగా అడిగాడు, మాకు చెప్పినవి కాక ఇంకేమైనా వేశారా అని. "నథింగ్ సర్" అన్నారు అమ్మగారు. "నథింగ్" అన్నారు అయ్యగారు. ఆయన దైవసేవకుడు, అబద్ధమాడే మనిషి కాదు. ట్రైలర్ తెరిచి చూస్తే నిజంగానే బట్టలు, హార్మోనియం, రెండు గిన్నెలు తప్ప ఏమీ లేవు.

వెల్డర్ టైర్లన్నాడు. టైర్లు చూస్తే కొత్తవే. యజమాని ఈదురుగాలి అన్నాడు. ఆ రోజు గాలి లేదని అమ్మగారు చెప్పారు. ఆమె చెప్పిన బరువుకి సరిపడా ఇసుక బస్తాలు వేసి, దగ్గర్లో ఉన్న వాలు మీద నేనే నడిపి చూశాను. ట్రైలర్ బుద్ధిగా వెనకాలే వచ్చింది. ఇంకో విచిత్రం ఏమిటంటే, వెళ్ళేటప్పుడు లూయీవిల్ దాకా అది అసలు ఊగలేదట. ఊగింది లెక్సింగ్టన్ నుంచి ఇంటివైపు మళ్ళిన తిరుగు దారిలోనే. అదే ట్రక్కు, అదే ట్రైలర్, అదే మనిషి అయినప్పుడు తేడా ఎక్కణ్ణుంచి వచ్చిందో మాకు అంతుపట్టలేదు. రాత్రి అన్నం తింటూ కూడా అదే ఆలోచిస్తుంటే మా ఆవిడ "ఆ ట్రైలర్‌నే చేసుకోవాల్సింది మీరు" అంది.

యజమాని చివరికి తీర్పు చెప్పాడు. ట్రక్కు చిన్నదై ఉంటుంది, టన్ను ట్రక్కుకి మారమన్నాడు. అది వాళ్ళ తాహతుకి మించింది. నాకు ఒప్పుకోబుద్ధి కాలేదు. ఎంచింది నేనన్న పౌరుషం కొంతా, కారణం తెలియకుండా బండి మార్చడమేమిటన్న మొండితనం కొంతా ఉంది. వచ్చే నెల ప్రయాణానికి నేనే డ్రైవ్ చేస్తూ వెంట వెళ్తానన్నాను. తిరిగొచ్చిన సోమవారానికల్లా తేల్చు, లేకపోతే ట్రక్కు మారుస్తున్నాం అన్నాడు యజమాని.

అలా ఒక శనివారం పొద్దున్న ముగ్గురం ఒకే సీటు మీద సర్దుకుని బయలుదేరాం. నేను స్టీరింగ్ దగ్గర, అయ్యగారు మధ్యలో, అమ్మగారు కిటికీ పక్కన. సాధారణంగా ఆమె గలగలా మాట్లాడే మనిషి. ఆ రోజు కళ్ళు పక్క అద్దం మీద నుంచి తిప్పలేదు. లూయీవిల్ దాకా ట్రైలర్ చక్కగా వచ్చింది.

అక్కడ ఆరాధన అయ్యాక భోజనాలు. నేను శాకాహారినని తెలిసి నాకోసం విడిగా పప్పు వండారు. వండినావిడ నేను లేచేదాకా పక్కనే నిలబడి వడ్డించింది. బయలుదేరేటప్పుడు ఆడవాళ్ళంతా వాకిట్లోకి వచ్చారు. మాటలు, వందనాలు, మళ్ళీ మాటలు. నా బుర్ర మాత్రం ట్రైలర్ మీదే ఉంది. చక్రాలు తట్టి చూశాను, గొలుసులు లాగి చూశాను. లెక్సింగ్టన్‌లోనూ అంతే. అయ్యగారు ట్రైలర్‌లో పడుకున్నారు కనక, ఆయన్ని ఇంట్లో ఉంచుకునే భాగ్యం దక్కని కుటుంబాలన్నీ నా కోసం పోటీ పడ్డాయి. నేను ఎవరింట్లో పడుకున్నానో ఇప్పటికీ అక్కడ కొందరికి గుర్తుండే ఉంటుంది.

ఆదివారం అక్కడే ఆరాధన అయ్యాక, ఆ వాలుకి బయలుదేరేముందు కొక్కెం ఒకసారి విప్పి చూద్దామనిపించింది. అయ్యగార్ని దూరంగా నిలబడమని, ముక్కు కింద ఉన్న జాకీ కొంచెం తిప్పి, గొళ్ళెం తీశాను. తీసీ తీయగానే ట్రైలర్ ముక్కు ఒక్క గెంతున పైకి లేచింది. నా గడ్డానికి బెత్తెడు దూరంలో ఆగింది. నేను అక్కడే కింద కూర్చుండిపోయాను. షాపులో అదే ముక్కుని ఇద్దరం కలిసి కూడా ఎత్తలేకపోయాం. ఇక్కడ దానంతటదే లేచింది.

లేచి, వెళ్ళి ట్రైలర్ తలుపు తీశాను. వంటింట్లో అడుగు పెట్టే చోటు లేదు. బియ్యం బస్తాలు, సొరకాయలు, ఆవకాయ జాడీలు, గోంగూర మూటలు. మేకల ఫారానికి వెళ్ళి కొని అందరూ పంచుకున్న మేక మాంసం, ఐసు డబ్బాల్లో. సిన్సినాటి వాళ్ళకి ఇమ్మని లూయీవిల్ వాళ్ళు పెట్టిన కుట్టుమిషను. దాని వెనక, ఎవరో ఇండియా నుంచి తెచ్చుకున్న రుబ్బురోలు. తలుపు వెనక్కి ఉండటంతో ఎవరు ఏది తెచ్చినా అందిన చోట దింపేసి వెళ్ళారు.

"అమ్మగారూ, ఏమీ వేయలేదన్నారు కదా?" అన్నాను.

ఆమె కూడా లోపలికి తొంగి చూశారు. ఆమె మొహంలో దాపరికం లేదు, ఆశ్చర్యం ఉంది. "మేమేం వేశాం బాబూ? ఇవి వాళ్ళు పెట్టినవి కదా!"

నాకు నవ్వాగలేదు. ఎందుకంటే ఆ సొరకాయలు లూయీవిల్‌లో లోపల పెట్టింది నేనే. ఒక బియ్యం బస్తా కూడా భుజాన వేసుకుని ఎక్కించాను. ఎందుకు ఊగుతుందో కనిపెట్టడానికి వచ్చిన ఇంజనీర్ని, బస్తా మోసి కూడా దాన్ని బరువు కింద లెక్కపెట్టలేదు. మనవాళ్ళ మనసులో సామానంటే మనం సర్దుకున్నది. వెళ్ళేటప్పుడు ఒకరు చేతిలో పెట్టింది సామాను కాదు, అది మర్యాద. మర్యాదని తూచాలని ఎవరికి తోస్తుంది? కిందటి నెల ఇండియానాపొలిస్ చేరగానే అప్పుడు పెట్టినవన్నీ ఎవరివి వాళ్ళకి పంచేసి, ఆ తర్వాతే షాపుకి వచ్చారు. అందుకే మేం చూసేసరికి ఖాళీగా ఉంది.

మిగతాది చిన్నప్పుడు సైకిల్ తొక్కిన వాళ్ళందరికీ తెలుసు. వెనక క్యారియర్ మీద పెద్ద బస్తా వేస్తే ముందు చక్రం తేలిపోయి, హేండిల్ వంకర్లు పోతుంది. ట్రైలర్ తోక బరువెక్కితే ముక్కు తేలిపోతుంది. అప్పుడు అది ట్రక్కు మాట వినదు. దాని ముందు ఎంత పెద్ద ట్రక్కు పెట్టినా సుఖం లేదు.

"సింపుల్ అండీ, ఇక నుంచి ఏమీ పెట్టొద్దని చెప్పండి" అన్నాను.

అమ్మగారు నన్నొకలా చూశారు. "మేం వాళ్ళింట్లో పడుకోవట్లేదు. ఒక్క పూటే తింటున్నాం. ఇదీ వద్దంటే వాళ్ళు మనసు కష్టపెట్టుకుంటారు. నాకు నోరు రాదు. నువ్వు చెప్పు."

సరిగ్గా అప్పుడే ఒక పెద్దాయన సూటు మీదే మొక్కజొన్న బస్తా మోసుకుంటూ వచ్చాడు. "అయ్యగారికండీ, మా గార్డెన్‌లోవి" అన్నాడు. నేను నోరు తెరిచాను. "చాలా బావున్నాయండీ" అని బస్తా అందుకున్నాను.

ఇక మిగిలింది సర్దడమే. బరువైనవన్నీ ట్రక్కు పెట్టెలోకి, తర్వాతవి ట్రైలర్ చక్రాల మీదికి, పడక కిందికి. సంగతి తెలిసి సంఘమంతా ఆదివారపు బట్టల్లోనే పనిలోకి దిగింది. బరువైనవి ముందుకి రావాలని నేను అనగానే కొత్త తగువు మొదలైంది. "మా గోంగూర తోకలో పెట్టారేంటండీ, వాళ్ళ పచ్చళ్ళ కంటే మాది తక్కువా?" అని ఒకావిడ. "మాది ముందే ఉందిలెండి" అని ఇంకొకావిడ. వాళ్ళని సముదాయించడం స్ప్రింగులని సముదాయించడంకన్నా కష్టమైంది. చివరికి ముక్కు పట్టుకుని ఎత్తబోతే కదల్లేదు. హమ్మయ్య అనుకున్నాను.

సోమవారం సంగతి ముందే చెప్పేస్తాను, ఎందుకంటే ఆఖర్న చెప్పాలనుకున్నది వేరే ఉంది. యజమానికి జరిగింది చెప్తే ఎప్పటిలా మూలిగాడు, తర్వాత చాలాసేపు నవ్వాడు. అతని నవ్వు నేను విన్నది అదే మొదలు. ఆ వారమే కొనడానికి వచ్చిన ఒక రైతు దంపతుల్ని "దారిలో చుట్టాలెవరైనా ఉన్నారా?" అని అడిగాడు. మా చెల్లెలు ఉంది, ఆపిల్ బుట్టలు ఇవ్వందే వదలదు అంది ఆ రైతు భార్య. ఇది మనవాళ్ళకి మాత్రమే ఉన్న జబ్బనుకుని కొంచెం గర్వపడ్డాను. ఆ గర్వం అక్కడితో తీరింది. అయినా రుబ్బురోలు విషయంలో మనల్ని మించినవాళ్ళు ఎవరూ రాలేదు.

ఇక వాలు సంగతి. పైన ఒక చిన్న కొట్టు ముందు ఆపి, నేను దిగి తాళంచెవి అమ్మగారి ముందు పట్టుకున్నాను. ఆమె వెంటనే తీసుకోలేదు. దూరం జరిగి ట్రైలర్‌ని పక్క నుంచి చూశారు. అది నేలకి సమంగా నిలబడి ఉంది. వెళ్ళి ముక్కు మీద చెయ్యి వేసి, ఒకసారి ఎత్తబోయి చూశారు. అప్పుడు తాళంచెవి తీసుకున్నారు. స్టీరింగ్ మీద ఆమె వేళ్ళు బిగుసుకుని ఉన్నాయి. నేను కిటికీ పక్కన కూర్చుని నా వైపు అద్దంలో చూస్తున్నాను. లెక్క సరైనదేనని నాకు తెలుసు. అయినా భయం వేసింది, దాచడం ఎందుకు.

ట్రైలర్ మొదటి నుంచి చివరిదాకా మా వెనకే వచ్చింది. వాలు కింద అయ్యగారు "స్తోత్రం" అన్నారు. అమ్మగారు పెట్రోలు బంకులోకి తిప్పారు. ఊపిరి పీల్చుకోవడానికనుకున్నాను. అక్కడ చుట్టూ తిప్పి, మళ్ళీ కొండ ఎక్కడం మొదలుపెట్టారు.

"అమ్మగారూ, సిన్సినాటి అటు" అన్నాను.

"తెలుసు బాబూ. ఒకసారి బాగా దిగితే దేవుడి దయ. రెండోసారి కూడా దిగితే నువ్వు చెప్పిన కారణం. నాకు రెండూ కావాలి."

అయ్యగారు వాచీ చూసుకున్నారు. "అక్కడ జనం ఎదురుచూస్తుంటారు."

"చూడనివ్వండి."

కొట్టు దగ్గర మళ్ళీ తిరిగి రెండోసారి దిగుతున్నాం. సగం దిగాక ఒక పెద్ద లారీ మమ్మల్ని దాటింది. దాని గాలి తగిలి ట్రైలర్ ఒకసారి కదిలింది. అద్దంలో అంచు కొద్దిగా కనపడి, మళ్ళీ వెనక్కి సర్దుకుంది. అంతే, ఇంక కదల్లేదు. అమ్మగారి వైపు చూశాను. ఆమె వేళ్ళు వదులయ్యాయి. ఒక చేత్తో జారిన కొంగు సరిచేసుకున్నారు. మధ్యలో కూర్చున్న అయ్యగారు మాత్రం కళ్ళు మూసుకుని, కుడికాలు నేలకి గట్టిగా తొక్కిపెట్టి ఉన్నారు.

"ఏవండీ, ఆ కాలు తీయండి" అన్నారామె, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "బ్రేకు నా దగ్గరుంది."